పాఠం 9: ఆక్రమణ పాముల జనాభా నియంత్రణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆగంతుక జాతికి, ఆక్రమణ జాతికి ఉన్న తేడాను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఒక పాము కొత్త ప్రాంతంలో స్థిరపడే దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• గువామ్, ఫ్లోరిడాలలో అనుసరించిన నియంత్రణ పద్ధతులను, వాటి పరిమితులను పోల్చగలుగుతారు.
• పట్టిన పాముల సంఖ్య మాత్రమే విజయానికి ఎందుకు కొలమానం కాదో లెక్క వేసి చూపగలుగుతారు.
• ఈ అనుభవాల నుంచి మన రాష్ట్రాలు నేర్చుకోవలసిన దాన్ని గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ టోకు మార్కెట్‌ను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. లారీలు వచ్చి ఆగుతాయి. హమాలీలు సరుకు దించుతారు. గోదాములోకి చేరిన సరుకు మళ్ళీ మరో బండి ఎక్కి చిల్లర దుకాణాలకు, పల్లెలకు పోతుంది. బస్తాలున్న చోటికి ఎలుకలు చేరతాయి. ఎలుకలున్న చోటికి పాము రావచ్చు. బస్తాల సందులో ఒక జెర్రిపోతు కనిపించిందనుకోండి. "పాము!" అనే కేక వినబడగానే నలుగురు కర్రలు పట్టుకొని వస్తారు.

ఆ జెర్రిపోతు ఈ నేల పామే. దానికి విషం లేదు. ఎలుకలను తిని ధాన్యాన్ని కాపాడుతుంది. దాన్ని చంపడం వల్ల లాభపడేది ఎలుకలే. ఇప్పుడు ఇంకొక సందర్భం ఊహించండి. అలాంటి బస్తాల మధ్య నక్కిన పాము ఓడ ఎక్కి, పాములను ఎన్నడూ ఎరుగని పక్షులున్న ఒక దీవిలో దిగింది. అక్కడ దాన్ని పట్టి తొలగించకపోతే ఆ పక్షులు ఉండవు.

పాము స్వభావం రెండు చోట్లా ఒకటే. మారింది చోటు మాత్రమే. ఆక్రమణ జాతుల అధ్యయనానికి ఇదే మొదటి సూత్రం. ఇక రెండో సూత్రం ఈ పాఠం పొడవునా మీకు కనిపిస్తుంది: పాము అడవిలోకి చేరిన తరువాత చేసే పోరాటం కన్నా, సరుకు ఎక్కించే చోట, దించే చోట చేసే తనిఖీ ఎన్నో రెట్లు తేలిక.

9.2 ఆగంతుక జాతి – ఆక్రమణ జాతి

మనిషి ప్రమేయంతో తన సహజ ఆవాసం దాటి వేరొక చోటికి చేరిన జాతిని ఆగంతుక జాతి అంటాం. అలా చేరిన జాతి అక్కడ సంతానాన్ని వృద్ధి చేసుకొని, విస్తరించి, స్థానిక జీవులకు, మనుషుల ఆరోగ్యానికి లేదా జీవనాధారాలకు హాని కలిగిస్తే అది ఆక్రమణ జాతి అవుతుంది. ప్రతి ఆక్రమణ జాతీ ఆగంతుక జాతే. ప్రతి ఆగంతుక జాతీ ఆక్రమణ జాతి కాదు.

దీనికి మంచి ఉదాహరణ మన తెలుగు నేల మీదనే ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరంలోని పాములను సేకరించాడు. 1796లో వెలువడిన తన గ్రంథంలో ఎన్నో పాములకు స్థానికుల నోట విన్న తెలుగు పేర్లనే రాసుకున్నాడు. వాటిలో వానపాములా సన్నగా, నల్లగా ఉండే ఒక చిన్న పాము ఉంది. దాని పేరు 'రెండు తలల పాము' అని నమోదు చేశాడు. ఆ వివరణ ఆధారంగానే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడాన్ 1803లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. నేడు దాన్ని ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్ అంటున్నాం. వాడుకలో ఇది గుడ్డిపాము. (ఈ రోజుల్లో మనవాళ్ళు రెండు తలల పాము అని పిలిచేది వేరొక జాతిని, అది మట్టిలో ఉండే లావుపాటి బోవా.)

గుడ్డిపాము జానెడు పొడవుకు మించదు. చీమల, చెదపురుగుల గుడ్లను, డింభకాలను తింటుంది. ఇందులో మగవి లేవు. ఆడపాము ఒంటరిగానే అనిషేక జననం ద్వారా సంతానాన్ని కంటుంది. కాబట్టి ఒక పూలకుండీ మట్టిలో ఒకే ఒక్క పాము ప్రయాణం చేసినా చాలు, కొత్త చోట వంశం మొదలవుతుంది. ఇలా కుండీల మట్టితో అది ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా ఖండాలకూ పసిఫిక్ దీవులకూ చేరింది. ప్రపంచంలో అన్నిటికన్నా విస్తృతంగా వ్యాపించిన నేలపాము ఇదే. అయినా చేరిన చోట్ల అది పెద్దగా హాని చేసిన దాఖలాలు లేవు. అందువల్ల దాన్ని ఆగంతుక జాతి అంటామే తప్ప సాధారణంగా ప్రమాదకర ఆక్రమణ జాతిగా లెక్కించం. మట్టి, మొక్క, బస్తా, చెక్కపెట్టె పాములకు ఎంత సులువైన వాహనాలో మాత్రం అది మనకు చూపిస్తుంది.

9.3 ఆక్రమణ దశలు

ఆక్రమణ నాలుగు దశల్లో జరుగుతుంది.

(అ) రవాణా: సరుకుతో పొరపాటున గానీ, పెంపుడు జంతువుల వ్యాపారంలో ఉద్దేశపూర్వకంగా గానీ పాము చోటు మారుతుంది.
(ఆ) ప్రవేశం: తప్పించుకొని గానీ, యజమాని వదిలిపెట్టడం వల్ల గానీ ఆరుబయటికి చేరుతుంది.
(ఇ) స్థిరపడటం: ఆహారం, వాతావరణం అనుకూలించి సంతానం నిలుస్తుంది.
(ఈ) వ్యాప్తి: జనాభా పెరిగి చుట్టుపక్కల ప్రాంతాలకు పాకుతుంది.

మొదటి దశలో ఆపడానికి ఒక తనిఖీ సిబ్బంది, ఒక శిక్షణ పొందిన కుక్క సరిపోవచ్చు. నాలుగో దశలో కోట్ల రూపాయలు, దశాబ్దాల శ్రమ పెట్టినా ఫలితం ఖాయం కాదు. పాముల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. పాము అరవదు, గుంపుగా తిరగదు, తినకుండా వారాల తరబడి కదలకుండా ఉండగలదు. స్థిరపడిన సంగతి మనకు తెలిసేసరికే మూడో దశ దాటిపోయి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. గుడ్డిపాము ఒక్కటే చేరినా కొత్త చోట స్థిరపడగలగడానికి కారణం ఏమిటి?
2. ఆక్రమణలోని ఏ దశలో నియంత్రణ అతి తేలిక? ఎందుకు?

9.4 గువామ్ దీవి అనుభవం

పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ సుమారు 540 చదరపు కిలోమీటర్ల దీవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1940ల చివరలోనో 1950ల మొదట్లోనో, సైనిక సరుకుతో పాటు గోధుమరంగు చెట్టుపాము అక్కడికి చేరింది. దీని శాస్త్రీయ నామం బోయిగా ఇర్రెగ్యులారిస్. దీని స్వస్థలం ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినీ, సోలమన్ దీవుల ప్రాంతం. ఇది రాత్రివేళ చెట్లెక్కి గూళ్ళలోని గుడ్లను, పిల్లలను, నిద్రించే పక్షులను తింటుంది. గువామ్ పక్షులకు ఇలాంటి పరభక్షి అలవాటు లేదు.

పక్షులు తగ్గిపోతున్నాయని గమనించిన వారు మొదట పురుగుమందులను, వ్యాధులను అనుమానించారు. పామే ప్రధాన కారణమని 1987లో జూలీ సావిడ్జ్ తన పరిశోధనలో నిరూపించింది. అప్పటికే ఆలస్యమైంది. దీవికి చెందిన 12 అటవీ పక్షి జాతుల్లో 10 అక్కడి అడవుల నుంచి మాయమయ్యాయి.

నష్టం పక్షులతో ఆగలేదు. పండ్లు తిని విత్తనాలను వెదజల్లే పక్షులు లేకపోవడంతో చాలా చెట్ల విత్తనాలు తల్లి చెట్టు కిందనే పడి ఉండిపోతున్నాయి. కొత్త మొలకలు తగ్గాయి. పురుగులను, సాలీళ్ళను తినే పక్షులు పోవడంతో అడవిలో సాలెగూళ్ళు విపరీతంగా పెరిగాయి. పాములు విద్యుత్ తీగల మీదికి ఎక్కడం వల్ల తరచూ కరెంటు పోయేది. ఒక జాతి ప్రవేశం మొత్తం ఆవరణ వ్యవస్థ మీద చూపే ప్రభావానికి ఇది పాఠ్యపుస్తకాలకెక్కిన ఉదాహరణ.

నియంత్రణ పద్ధతులు:

బోనులు: లోపల బతికున్న ఎలుకను వేరే గదిలో భద్రంగా ఉంచి, పాము లోపలికి వెళ్ళగలిగి బయటికి రాలేని బోనులను ఓడరేవు, విమానాశ్రయాల కంచెల పొడవునా పెడతారు.

కుక్కల తనిఖీ: దీవి నుంచి బయటికి వెళ్ళే సరుకును శిక్షణ పొందిన కుక్కలు వాసన చూస్తాయి. 1981, 1998 మధ్య హవాయిలోని ఓవాహు దీవిలో ఈ పాములు ఎనిమిది దొరికాయి. అయినా హవాయిలో ఈ జాతి నేటికీ స్థిరపడలేదు. గువామ్‌ను కాపాడలేకపోయినా పక్క దీవులను కాపాడుతున్నది ఈ తనిఖీయే.

విషపు ఎర: మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఈ పాముకు ప్రాణాంతకం. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని స్థితికి మారుస్తుంది. 80 మిల్లీగ్రాముల మందును చచ్చిన చిట్టెలుకలో పెట్టి, చెట్ల కొమ్మలకు చిక్కుకునేలా కాగితపు తోకలు కట్టి, హెలికాప్టర్ల నుంచి జారవిడిచారు. 2013లో ఇలా 2,000 ఎలుకలను వదిలారు. ఈ పాము చచ్చిన ఎరను కూడా తింటుంది కాబట్టి, కొమ్మల్లో వేలాడే ఎరను తినగల స్థానిక జంతువులు అక్కడ బహు తక్కువ కాబట్టి ఈ పద్ధతి అక్కడ సాధ్యపడింది. ఉడుములు, పిల్లులు, కాకులు, రకరకాల స్థానిక పాములు ఉన్న మన పరిసరాల్లో ఇదే పని చేస్తే చచ్చేవి అవే. కాబట్టి దీన్ని ఎక్కడైనా వాడదగిన చిట్కాగా భావించకూడదు.

కంచె: 55 హెక్టార్ల అడవి చుట్టూ పాములు ఎక్కలేని కంచె నిర్మించి లోపలి పాములను తగ్గిస్తున్నారు. దీవి మొత్తాన్ని ఒకేసారి గెలవలేనప్పుడు చిన్న భాగాన్ని సురక్షితం చేసుకోవడం ఈ వ్యూహం.

ఈలోగా బందీగా పెంచిన గువామ్ రైల్ అనే పక్షిని పాములు లేని పక్క దీవుల్లో వదిలారు. 2019లో దాని స్థాయి 'అడవిలో అంతరించినది' నుంచి 'తీవ్ర ప్రమాదంలో ఉన్నది' అనే వర్గానికి మారింది. ఒక జాతికి ఇది పునర్జన్మే. కానీ గువామ్ ప్రధాన దీవి అడవుల్లో పాము ఉన్నంత కాలం ఆ పక్షి స్వేచ్ఛగా బతకలేదు.

9.5 ఫ్లోరిడా కొండచిలువలు

గువామ్‌కు పాము పొరపాటున చేరింది. అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాకు బర్మా కొండచిలువ పెంపుడు జంతువుగా చేరింది. పెరిగి పెద్దదైన పామును కొందరు యజమానులు వదిలేశారు, కొన్ని తప్పించుకున్నాయి. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో అది సంతానోత్పత్తి చేస్తూ స్థిరపడిందని 2000 ప్రాంతంలో గుర్తించారు. 2012లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, రోడ్ల వెంబడి లెక్కల్లో రకూన్లు కనబడటం 99.3 శాతం, అపోజమ్‌లు కనబడటం 98.9 శాతం తగ్గిపోయాయి. అదే ఏడాది ఈ పాము దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను ఆ దేశం నిషేధించింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టయింది.

వేట పోటీ కూడా పెట్టారు. 2013లో మొదటి పోటీలో సుమారు 1,600 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. దొరికినవి 68 పాములు. వేటగాళ్ళకు నైపుణ్యం లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. గడ్డిలో, నీటిలో కలిసిపోయే ఈ పాము ఒక చోట ఉన్నా, వెతికేవారికి కనపడే అవకాశం ఒక శాతం కన్నా తక్కువని పరిశోధకుల అంచనా. అంటే నూరు పాములున్న చోట వెతికితే ఒకటి కనపడటమే గొప్ప.

ఇక్కడ మన ప్రాంతపు నైపుణ్యం ప్రవేశించింది. 2017 జనవరిలో తమిళనాడుకు చెందిన ఇరుల తెగ పాములవాళ్ళు ఇద్దరు, మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్, ఫ్లోరిడా ప్రభుత్వ సంస్థ ఆహ్వానం మీద అక్కడికి వెళ్ళారు. రెండు వారాలు నిండకముందే 13 కొండచిలువలను పట్టారు. స్థానిక వేటగాళ్ళు ఎక్కువగా రోడ్ల మీద, కట్టల మీద బండ్లలో తిరుగుతూ వెతికేవారు. వీరు కాలినడకన దట్టమైన పొదల్లోకి వెళ్ళి కుబుసం, రెట్ట, ఒరిపిడి జాడలను చదివారు. మన నెల్లూరు ప్రాంతంలో ఎలుక బొరియను చూసి లోపల ఎలుక ఉన్నదీ లేనిదీ చెప్పగల యానాదుల విద్య కూడా ఈ కోవకు చెందినదే. క్షేత్ర జ్ఞానం శాస్త్రానికి ప్రత్యామ్నాయం కాదు, పునాది.

మరో పద్ధతి 'గూఢచారి పాములు'. మగ పాము శరీరంలో చిన్న రేడియో పరికరం అమర్చి వదులుతారు. జత కట్టే కాలంలో అది పెద్ద ఆడ పాముల దగ్గరికి దారి చూపుతుంది. 2021 చివరలో ఇలా దొరికిన ఒక ఆడ కొండచిలువ దాదాపు 18 అడుగుల పొడవు, 215 పౌండ్ల బరువు ఉంది. దాని కడుపులో 122 గుడ్లు రూపుదిద్దుకుంటున్నాయి. గుడ్లు పెట్టే ముందు ఒక పెద్ద ఆడ పామును తొలగించడం ఎన్నో చిన్న పాములను పట్టడంతో సమానమని దీన్ని బట్టి తెలుస్తుంది.

9.6 లెక్క ఏం చెబుతుంది?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక చోట 1,000 పాములున్నాయి. మరణాలు పోను వాటి జనాభా ఏటా 40 శాతం పెరుగుతుందనుకుందాం. ఏమీ చేయకపోతే ఏడాది చివర 1,400 అవుతాయి. మనం 200 పట్టాం. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. మిగిలినవి 1,200. రెండో ఏడాది అవి 1,680 అవుతాయి. మళ్ళీ 200 పట్టాం. మిగిలినవి 1,480. రెండేళ్ళలో 400 పాములను పట్టాం. జనాభా దాదాపు సగం పెరిగింది.

జనాభా పెరగకుండా నిలబెట్టాలంటే మొదటి ఏడాది 1,400లో 400, అంటే సుమారు 29 శాతం తొలగించాలి. తగ్గించాలంటే అంతకు మించాలి. కాబట్టి అడగవలసిన ప్రశ్న 'ఎన్ని పట్టాం?' అని కాదు. 'ఉన్నవాటిలో ఎంత శాతం పట్టాం?' అని. ఆ శాతం తెలియాలంటే ముందు మొత్తం ఎన్ని ఉన్నాయో తెలియాలి. కనపడే అవకాశం ఒక శాతం లోపు ఉన్న జీవి విషయంలో అదే అసలు చిక్కు. నీటిలో జీవులు వదిలే డీఎన్ఏ ఆనవాళ్ళను పరీక్షించే పద్ధతి ఇందుకు కొంత సాయపడుతుంది. ఫ్లోరిడాలో కొండచిలువ జాడకు దీన్ని వాడారు. మన మత్స్యకారులు దెయ్యం చేప అని పిలిచే ఆగంతుక సక్కర్ చేప తూర్పు కనుమల జలాశయాల్లో ఎక్కడెక్కడ ఉందో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిలోనే వెతికారు.

9.7 ముంగిస పొరపాటు

పాము అనగానే మనకు ముంగిస గుర్తుకొస్తుంది. జపాన్‌లోని అమామి ఒషిమా దీవిలోనూ అలాగే ఆలోచించారు. అక్కడి హబు అనే విషసర్పం స్థానిక జాతే. దాన్ని తగ్గించడానికి 1979లో సుమారు 30 ముంగిసలను వదిలారు. ముంగిస పగలు తిరుగుతుంది. హబు రాత్రి తిరుగుతుంది. రెండూ ఎదురుపడిందే తక్కువ. ముంగిసలు ఆ దీవికే ప్రత్యేకమైన అమామి కుందేలును, ఇతర జీవులను తిన్నాయి. వాటిని బోనులతో, కుక్కలతో పట్టి పూర్తిగా నిర్మూలించామని జపాన్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించగలిగింది. పొరపాటు ఒక్క రోజుది. దాన్ని దిద్దడానికి దశాబ్దాలు పట్టింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. గువామ్‌లో పారాసిటమాల్ ఎర సాధ్యపడటానికి రెండు కారణాలు రాయండి.
2. 9.6లోని ఉదాహరణలో ఏటా 500 పాములను పడితే రెండేళ్ళ తరువాత ఎన్ని మిగులుతాయి?

9.8 మన రాష్ట్రాలకు అన్వయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆక్రమణ పాము స్థిరపడిన ఉదంతం లేదు. అంటే మనం ఇంకా మొదటి దశలోనే, అంటే నియంత్రణ అతి తేలికైన దశలోనే ఉన్నాం. ఈ అవకాశాన్ని నిలబెట్టుకోవడానికి మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, మొక్కల వ్యాపారం. తూర్పు గోదావరి జిల్లాలోని కడియం నర్సరీల నుంచి మొక్కలు దేశమంతటికీ వెళ్తాయి. విదేశీ అలంకార వృక్షాలు కూడా మన మార్కెట్లోకి వస్తున్నాయి. స్పెయిన్‌కు చెందిన ఇబిజా దీవికి పాత ఆలివ్ చెట్లను అలంకారానికి తెప్పించినప్పుడు వాటి తొర్రల్లో ఒక జాతి పాములు కూడా వచ్చాయి. అవి విస్తరించిన చోట ఆ ప్రాంతానికే ప్రత్యేకమైన బల్లి మాయమవుతోంది. దిగుమతి మొక్కల వెంట మట్టి రాకుండా మన 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఆంక్షలు పెట్టింది. ఆ నిబంధన కాగితానికే పరిమితం కాకూడదు.

రెండోది, పెంపుడు జంతువుల వ్యాపారం. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ వంటి పాములను మోజుతో కొనేవారున్నారు. మోజు తీరాక వాటిని చెరువు గట్టున వదలడం దయ కాదు. ఫ్లోరిడా కథ అలాగే మొదలైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

మూడోది, స్థానిక పాముల పట్ల మన వైఖరి. ఈ పాఠంలో చెప్పిన బోనులు, ఎరలు, వేటలు మన నాగుపాముకో జెర్రిపోతుకో వర్తించవు. అవి ఇక్కడి ఆహారపు గొలుసులో భాగం. గోదాములో పాము కనబడితే దూరంగా ఉండి, దాని మీద కన్నేసి, అటవీ శాఖకు గానీ హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థకు గానీ తెలపాలి. ఎలుకలు చేరకుండా గోదామును శుభ్రంగా ఉంచితే పాము వచ్చే అవసరమే ఉండదు.

9.9 సారాంశం

ఒక పాము ఆక్రమణ జాతి అవునో కాదో నిర్ణయించేది దాని జాతి లక్షణం ఒక్కటే కాదు. అది చేరిన చోటు, అక్కడ చేసే హాని. విశాఖపట్నంలో వర్ణించిన గుడ్డిపాము లోకమంతా తిరిగినా పెద్దగా హాని చేయలేదు. గోధుమరంగు చెట్టుపాము ఒక దీవి అడవిని మూగబోయేలా చేసింది. స్థిరపడిన పాముల నియంత్రణలో పట్టిన సంఖ్య కన్నా తొలగించిన శాతం, ముఖ్యంగా గుడ్లు పెట్టే ఆడ పాముల శాతం ముఖ్యం. ఒక చోట పనిచేసిన పద్ధతి మరో చోట హాని చేయవచ్చు. అన్నిటికన్నా చౌకైన, నమ్మదగిన నియంత్రణ రేవులో, విమానాశ్రయంలో, నర్సరీలో, లారీ దించే చోట జరుగుతుంది. మీలో కొందరు పగలు అలాంటి చోట్ల పనిచేస్తూ రాత్రి ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. ఈ విషయంలో మొదటి కాపలాదారు మీరే.

9.10 నమూనా ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. గువామ్, ఫ్లోరిడాలలో ఆక్రమణ పాములు చేరిన మార్గాలను, నియంత్రణ పద్ధతులను పోల్చండి.
2. 'నిర్మూలన కన్నా నివారణ మేలు' – తగిన ఉదాహరణలతో చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. అమామి ఒషిమాలో ముంగిసల ప్రయోగం ఎందుకు విఫలమైంది?
2. గూఢచారి పాముల పద్ధతిని వివరించండి.
3. మీ ఊరిలోని ఒక నర్సరీని గానీ గోదామును గానీ చూసి, అక్కడికి బయటి జీవులు చేరగల మార్గాలను ఒక పేజీలో రాయండి.